జేబు ఎత్తు నీళ్లు

తహసీన్ మిల్లు శివశంకర్‌ను క్షమించలేదు. ఈ మాట మొదట్లోనే చెప్పేయడం మేలు. ఇలాంటి కథల్లో చివరికి ఎవరో ఒకరు కళ్లు తుడుచుకోవడం, పగ కరిగిపోవడం చదివి అలవాటైన వాళ్లు ఇక్కడా అలాంటిదేదో వస్తుందని కాచుకుని కూర్చోనక్కర్లేదు. ఆమె పగ కరగలేదు. పైగా ఆమె చేత పని చేయించింది. అదీ ఎంత నికరంగా చేయించిందంటే, ఊరి మీద ప్రేమతో పని చేస్తున్నామని చెప్పుకునే వాళ్లెవరూ అంత శ్రద్ధగా చేసి ఉండరు.

ఆదోనిలో కోటకొండల మీద పడిన వాన కిందికి దిగి, ఒక వంకలో, అంటే వాగులో కలిసి, ఊరి అంచున పోతుంది. కొండవంక అంటారు దాన్ని. ఏడాదిలో ఎక్కువ కాలం అందులో నీళ్లుండవు. కంపచెట్లు, చిరిగిన ప్లాస్టిక్ కవర్లు, వాటిని నమిలే మేకలు ఉంటాయి. వంకకు ఈ గట్టున పరుపుల వీధి. దూది ఏకి పరుపులు కుట్టుకుని బతికే ఇళ్లు అక్కడ ఎక్కువ కాబట్టి ఆ పేరు. ఆ గట్టున శివశంకర్ జిన్నింగు మిల్లు. మార్కెట్ యార్డు నుంచి పత్తి ఆ మిల్లుకు పోతుంది, మిల్లులో గింజ వేరై దూది అవుతుంది, అందులో కిందా మీదా పడింది వీధికి వస్తుంది. వీధికీ మిల్లుకూ మధ్య ఉన్న సంబంధం అది. ఒకరు తిన్నాక మిగిలింది ఇంకొకరు తినే సంబంధం.

తహసీన్ నాయన మాబు సాబ్ పరుపులు కుట్టేవాడు. ఇంటి వెనక, వంక వైపు, రేకుల షెడ్డులో ఏకుడు మిషను పెట్టుకున్నాడు. తహసీన్ ఆ దూది పొగలోనే పుట్టి, అందులోనే తుమ్ముకుంటూ పెరిగి, డిగ్రీ చదివి, కర్నూలులో మ్యాపింగ్ కోర్సు చేసింది. ఆదోని, ఎమ్మిగనూరు రెండు ఊళ్లకూ కలిపి వరద పటాలు గీయడానికి ఎమ్మిగనూరులో ఒక మేడ మీద చిన్న ఆఫీసు పెట్టారు. అందులో కాంట్రాక్టు ఉద్యోగం దొరికింది. పొద్దున బస్సులో పోయి సాయంత్రం బస్సులో వచ్చేది.

ఉద్యోగం రాకముందు, ఆమె డిగ్రీ చదువుతున్న రోజుల్లో, వంక పొంగింది. పత్తి తీతలు మొదలైన కాలం. శివశంకర్ తన లారీలు ఊళ్లోంచి చుట్టు తిరిగి రాకుండా వంకకు అడ్డంగా ఒక కట్ట వేసి, మీద కాంక్రీటు పోసి, నీళ్లు పోవడానికి కింద సన్నటి తూములు పెట్టాడు. ఆ కట్ట కొసనే మిల్లు గేటు. కొండల మీద కుంభవృష్టి పడిన మధ్యాహ్నం కంపచెట్లూ మిల్లు చెత్తా కొట్టుకొచ్చి ఆ తూములకు బిరడా వేసినట్టు అడ్డం పడ్డాయి. నీళ్లు ముందుకు పోలేక వెనక్కి తిరిగి, రెండు గట్ల మీదికీ లేచాయి.

మాబు సాబ్ తల్లి బడేబీ అప్పటికే మంచంలో ఉంది. ఆమెకు వెనక షెడ్డులో, దూది కుప్పల పక్కన పడుకోవడం ఇష్టం. మిషను చప్పుడు లేకపోతే నిద్ర పట్టేది కాదు. నీళ్లు షెడ్డులోకి దూసుకొచ్చినప్పుడు మాబు సాబ్, కొడుకు వాజిద్ ఆమెను సగం కుట్టిన పరుపులో చుట్టి ఎత్తారు. పరుపు నీళ్లు తాగింది. నీళ్లు తాగిన పరుపు ఎంత బరువో దాన్ని మోసిన వాళ్లకే తెలుస్తుంది. అది బండరాయి అయింది. రెండుసార్లు చేజారింది. రెండుసార్లూ ముసలామె మునిగి లేచింది. ఆ తర్వాత కొన్నాళ్లు దగ్గి దగ్గి పోయింది.

పలకరింపుకు శివశంకర్ వచ్చాడు. తెల్ల చొక్కా, జేబులో పెన్ను, వెనక నలుగురు మనుషులు. ప్లాస్టిక్ కుర్చీలో కూర్చుని మాబు సాబ్ భుజం మీద చెయ్యి వేశాడు.

"బాధపడగాకప్పా మాబూ. ముసలి పానం. ఈ పొద్దు కాకుంటే రేపు, ఎట్లన్నా పోయేదే కదా."

చుట్టూ కూర్చున్న వాళ్లు తల ఊపారు. చావు ఇంట్లో ఎవరైనా అనే మాటే అది. తూములు పెట్టినవాడు అనకూడదు, అంతే. తహసీన్ అప్పుడు టీ గ్లాసుల పళ్లెం పట్టుకుని నిలబడి ఉంది. ఆయన గ్లాసు తీసుకున్నాడు, చక్కెర తక్కువైందని అన్నాడు. ఆమె లోపలికి పోయి చక్కెర తెచ్చి వేసింది. తర్వాత ఏళ్ల తరబడి ఆమెకు నిద్ర పట్టనీయనిది ఆ చెంచా చక్కెర.

మరుసటి వారం ఆయన మిల్లు గేటు దగ్గర వీధి వాళ్లందరినీ వరసలో నిలబెట్టి తలా ఇంత పత్తి పంచాడు. తడిసిన పత్తి. అమ్ముకోవడానికి పనికిరాదు, పారేయాలంటే కూలి దండగ. పంచితే పుణ్యం. పేపర్లో ఫొటో కూడా పడింది. మాబు సాబ్ తన వాటా తెచ్చి ఎండబెట్టి ఏకాడు. మనిషి మీద ఎంత కోపమున్నా, దూది కుళ్లిపోతుంటే చూస్తూ కూర్చోవడం ఆయనకు చేతకాదు. ఎంత ఎండబెట్టినా వాసన పోలేదు. ఆ వీధిలో కొన్ని పరుపులు మబ్బు పట్టిన రోజున ఇప్పటికీ వంక వాసన కొడతాయి.

తర్వాత శివశంకర్ మిల్లును చిన్నది చేసుకున్నాడు. పత్తి కన్నా ప్లాట్లు లాభమని తెలిసింది. వంక పొంగితే నీళ్లు పరుచుకునే పల్లం అంతా ఆయనదే. టిప్పర్లతో గరుసు మట్టి తోలించి ఆ పల్లాన్ని మిట్ట చేశాడు, రాళ్లు పాతి వెంచర్ వేశాడు. ఎమ్మిగనూరు రోడ్డు మొదట్లో ఇంత పెద్ద ఫ్లెక్సీ కట్టించాడు. దాని మీద పేపర్లో పడిన ఆ ఫొటోనే పెద్దది చేయించి, కింద రాయించాడు: 'నాడు వరదలో పేదలకు అండ, నేడు మీ సొంతింటి కలకు అండ.' తహసీన్ ఎక్కే బస్సు రోజూ దాని పక్క నుంచే పోయేది. ఆమె మొఖం తిప్పుకునేది. ఆ అలవాటే ఆమె చేసిన తప్పు. శత్రువు ఫొటోను తేరిపార చూడాలి.

ఆఫీసులో ఆమె పైఅధికారి ఇంజనీరు గురుప్రసాద్. మంత్రాలయం దగ్గరి వాళ్లు, ఇంట్లో అందరూ అక్కడి స్వామిని రాయలు అని పిలుచుకుంటూ మఠం సేవలో ఉన్నవాళ్లే. మంచివాడు. మంచివాళ్లకుండే జబ్బు ఆయనకూ ఉంది. ఏ అన్యాయం కనబడినా ముందు దాన్ని దేవుడికి అప్పజెప్పేవాడు.

వాళ్ల దగ్గరున్న సాఫ్ట్‌వేర్ చేసే పని చెప్పడానికి తేలికే. నేల ఎత్తులు ఒక పొరగా, వంకలు ఒక పొరగా, ఇళ్లు ఒక పొరగా దానికి ఇవ్వాలి. నీటి మట్టం ఇంత అని చెప్తే, ఆ నీళ్లు ఎక్కడెక్కడికి పాకుతాయో నీలం పూసి చూపిస్తుంది. ఆ నీలాన్ని ముందు పెట్టుకుని కమిటీ కూర్చుని ఎక్కడ కట్టుకోవచ్చు, ఎక్కడ కట్టకూడదు, ఎవరిని లేపాలి అని తేలుస్తుంది. యంత్రానికి పగ లేదు, దయా లేదు. పెట్టింది తింటుంది. వీళ్లకు పైనుంచి వచ్చిన నేల ఎత్తులు డ్రోను ఎగరేసి తీసినవి. డ్రోను ఎగిరింది శివశంకర్ మట్టి తోలించిన తర్వాత.

ఆ ఎత్తులతోనే కొండవంక మొదటి పటం తహసీన్ చేతి మీదుగానే వచ్చింది. ఆ గట్టున వెంచర్ పొడిగా, గోధుమ రంగులో, కాల్చిన రొట్టెలా ఉంది. అక్కడ పరుచుకోవలసిన నీళ్లన్నీ ఈ గట్టుకు మళ్లి పరుపుల వీధిని ముదురు నీలంలో ముంచేశాయి. దాన్నిబట్టి చేయవలసిన సిఫారసు ఒకటే. వెంచర్‌కు అనుమతి ఇవ్వొచ్చు. వీధిని ఖాళీ చేయించి, ఊరికి దూరంగా హాలహర్వి వైపు ఎక్కడో స్థలాలు చూపించాలి. పల్లాన్ని పూడ్చినవాడు ఉంటాడు, మునిగినవాళ్లు పోతారు.

తహసీన్ కుర్చీలో వెనక్కి వాలి తన చేత్తో తాను పూసిన నీలాన్ని చూసింది.

గురుప్రసాద్ కూడా చూసి నిట్టూర్చాడు. "ఏం చేస్తామమ్మా, రాయల చిత్తం. సాఫ్ట్‌వేర్ మన మాట వినదు కదా."

"రాయలు మట్టి తోలలేదు సార్" అంది తహసీన్.

ఆమె మట్టి తోలకముందు ఉపగ్రహం నుంచి తీసిన పాత ఎత్తులు వెతికి తెచ్చి ఆయన ముందు పెట్టింది. అందులో వెంచర్ ఉన్నచోట పల్లం స్పష్టంగా ఉంది. గురుప్రసాద్ ఒప్పుకున్నాడు. కానీ నేల పల్లమని తెలిస్తే చాలదు, నీళ్లు అక్కడిదాకా వచ్చాయని ఎవరు సాక్ష్యం చెప్తారని అడిగాడు. వరదలో తన గట్టు మీదికి చుక్క నీళ్లు రాలేదని శివశంకర్ కమిటీకి చెప్పేసి ఉన్నాడు. వీధి వాళ్లు కాదంటే, వీధి వాళ్లు కాదనక ఏమంటారని కొట్టిపారేస్తారు. గేటు మీద, గోడల మీద నీటి గుర్తులేమైనా ఉంటే అవన్నీ సున్నాల కింద, రంగుల కింద పోయాయి.

ఒక మధ్యాహ్నం గురుప్రసాద్ భోజనానికి పోయినప్పుడు తహసీన్ పాత ఎత్తులు పెట్టి, నీటి మట్టం గడిలో తోచిన అంకె కొట్టింది. వెంచర్ మునిగింది. ఇంకొంచెం పెంచింది. మిల్లు మునిగింది. ఇంకా పెంచింది. రోడ్డు అవతల శివశంకర్ కొత్త ఇల్లు మేడతో సహా మునిగింది. టిఫిన్ డబ్బా తెరిచి, ఆ నీలం చూస్తూ కడుపు నిండా తినింది. తర్వాత అంకె తీసేసింది.

ఆమెకు నీతి అడ్డం వచ్చిందని అనుకోనక్కర్లేదు. దొంగ గీత గీస్తే శివశంకర్ లాయరు దాన్ని ఒక్క పూటలో చెరిపేస్తాడు. చెరిపేసి, ఈ పిల్ల ఆ వీధి పిల్లే అని చెప్పి, ఆమె గీసిన ప్రతి గీతనూ చెరిపిస్తాడు. ఆమెకు కావలసింది ఎవరూ చెరపలేని గీత. నిజమైన పగకు నిజమైన అంకె కావాలి. ఆ అంకె ఎక్కడా లేదు.

అది రోజూ కళ్లెదుటే ఉందని తెలిసిన రోజున గొర్రెల మంద అడ్డం పడి బస్సు ఫ్లెక్సీ ఎదురుగా ఆగిపోయింది. కదలదు. కిటికీ పక్క సీటు. అటే చూడక తప్పలేదు. ఫొటోలో శివశంకర్ మిల్లు గేటు స్తంభానికి ఆనుకుని, పత్తి మూట ఒక ముసలామె చేతిలో పెడుతూ కెమెరా వైపు నవ్వుతున్నాడు. స్తంభం మీద, ఆయన పక్కనే, అడ్డంగా ఒక తెల్లటి చార. చీర అంచులా తిన్నగా ఉంది.

చూసేవాళ్లకు అది సున్నం చార. తహసీన్ పరుపులోళ్ల పిల్ల. వరద తీశాక తమ ఇంటి గోడల మీద అలాంటి చారనే ఆమె, తల్లి కలిసి గరిటెలతో గీకారు. నీళ్ల మీద తేలిన దూది, నీళ్లు ఎక్కడ ఆగితే అక్కడ గోడకు అతుక్కుని ఎండిపోతుంది. వంక శివశంకర్ దూదితోనే శివశంకర్ గేటు మీద గీత గీసి పోయింది. ఆయన దాని పక్కన నిలబడి, కొలబద్దలాగా, ఫొటో దిగాడు. చార సరిగ్గా ఆయన చొక్కా జేబుకు తిన్నగా ఉంది.

గేటు స్తంభానికి రంగు వేశారు, నిజమే. కానీ ఫొటోలో ఆయన కాళ్ల కింద ఉన్నది కట్ట మీది కాంక్రీటు. అది కదల్లేదు. రోడ్డు మీద నిలబడి లెవెల్ మిషనుతో చూస్తే దాని ఎత్తు ఎవరైనా చెప్పగలరు. దానికి శివశంకర్ జేబు ఎత్తు కలిపితే ఆ రోజు నీటి మట్టం వస్తుంది. ఇక ఒక్కటే పని మిగిలింది. మనిషిని కొలవాలి.

మనిషి తనంతట తానే వచ్చాడు. పటం ఎంతవరకు వచ్చిందో కనుక్కోవడానికి, గురుప్రసాద్‌కు మంత్రాలయం ప్రసాదం పొట్లం పట్టుకుని మేడ ఎక్కాడు. తహసీన్‌ను గుర్తుపట్టలేదు. మాబు కూతురినని ఆమె చెప్పలేదు. ఆఫీసుకు వచ్చిన పెద్దమనుషుల ఫొటోలు తీసి పెట్టుకుంటున్నామని మాత్రం చెప్పింది.

"అన్నా, ఈడ తలుపు కాడ నిలబడండి. వెలుతురు బాగుంటుంది."

"నన్నెందుకులే పాపా" అంటూనే ఆయన పోయి నిలబడ్డాడు. కాలరు సర్దుకున్నాడు, జేబులో పెన్ను నిటారుగా పెట్టాడు. ఇంకొంచెం వెనక్కి, తలుపు చెక్కకు ఆనుకోండన్నా అంటే ఆనుకున్నాడు. నవ్వన్నా అంటే ఫ్లెక్సీలో నవ్వే నవ్వాడు.

ఆయన మెట్లు దిగిన తర్వాత తహసీన్ ఫొటో చూసుకుంటూ తలుపు చెక్క మీద సుద్దముక్కతో గీత గీసి టేపు పట్టింది. గురుప్రసాద్ ప్రసాదం నోట్లో వేసుకుంటూ ఆగిపోయాడు.

"ఏందమ్మా అది?"

"శివశంకరన్న జేబు సార్."

ఆయనకు చెప్పింది. గురుప్రసాద్ ప్రసాదం పొట్లం మడిచి పక్కన పెట్టాడు. తర్వాత తానే లెవెల్ మిషను బయటికి తీయించాడు. దేవుడి మీద వేయడానికి వీల్లేని పని ఒకటి ఎదురుపడితే కొందరు భయస్తులు కూడా కదులుతారు.

పాత నేల ఎత్తులు, జేబు ఎత్తు నీళ్లు. తహసీన్ రెండూ ఇచ్చి మీట నొక్కింది. నీలం వంకలోంచి లేచి ఆ గట్టు మీదికి పాకింది. వెంచర్ మొత్తం, ఒక్క రాయి కూడా మిగలకుండా, మునిగింది. పల్లాన్ని తిరిగి తవ్వి, కట్టను తీసేసి వంతెన కడితే నీళ్లు ఎట్లా పోతాయో కూడా నడిపి చూసింది. అప్పుడు పరుపుల వీధి తేలింది. ఒక్క వెనక వరస తప్ప. నీలం అంచు ఆ వరస ఇళ్ల నడిమధ్య నుంచి పోయింది. మాబు సాబ్ రేకుల షెడ్డు నీలంలో ఉంది.

నీలంలో ఉన్నచోట కొత్తగా ఏదీ కట్టకూడదు. ఉన్న షెడ్లు తీసేయాలి. మాబు సాబ్ ఆ షెడ్డు పడగొట్టి, మిద్దె వేసి, పైన వాజిద్ పెళ్లికి గది కట్టాలని చూస్తున్నాడు. ఇనుప కమ్ములు కూడా దించాడు. పక్కింటి సంతోషమ్మదీ అదే వరస, అదే ఆలోచన.

గీతను షెడ్డు అవతలికి ఒక చెయ్యెడు జరిపితే చాలు. ఆ పని మౌసుతో అయిపోతుంది.

ఇంటికి పోయి నాయనకు చెప్పింది. ఆయన మిషను ఆపి, మీసాలకు అంటుకున్న దూది తుడుచుకున్నాడు.

"గీత ఇంత పక్కకు జరపలేవా అమ్మీ?"

"మనది జరిపితే ఆయప్పదీ జరుగుతాది నాయనా. నీళ్లది ఒకటే మట్టం. ఈ గట్టున నేను దించితే, ఆ గట్టున ఆయప్ప లాయరు దించుతాడు."

మాబు సాబ్ షెడ్డులో ఆ మూల, తల్లి మంచం ఉండిన చోటు, చూశాడు. ఇప్పుడక్కడ ఏకని దూది పోసి ఉంది.

"అయితే జరపగాకు" అన్నాడు. "మా యమ్మను ఈన్నుంచే మోసినాం. ఈడికి నీళ్లు రాలేదని మనమే ఎట్ల సెప్తాం?" మళ్లీ మిషను వేసుకున్నాడు. ఆయనను శాంతమూర్తి అని వీధిలో అందరూ అంటారు. ఆ మాట ఆయన మొఖం చూసి అనేది.

సంతోషమ్మ మాత్రం ఊరుకోలేదు. కొళాయి దగ్గర నలుగురిలో నిలబెట్టి అడిగింది. "సదువుకున్న పిల్లవని మురిసిపోతిమి. మన ఇండ్ల మీదనే నీలం పూస్తాండావంటనే. యాడ దొరికిందిమే నీకా రంగు?"

కమిటీ మీటింగుకు రా అత్తా, ఆడనే అడుగు అంది తహసీన్.

మీటింగు ఆదోనిలోనే జరిగింది. అధ్యక్షత వహించిన అధికారిణి కొత్తగా వచ్చిన మనిషి, ఎవరి బంధువూ కాదు. శివశంకర్ ముందు వరసలో కూర్చున్నాడు. వీధి వాళ్లు వెనక నిలబడ్డారు. మొదట ఆయన మాట్లాడాడు. ఆ నేల తాతల కాలం నుంచి మిట్టేనని, పెద్ద వరదలో కూడా చుక్క నీళ్లు రాలేదని, వీధి వాళ్ల మీద తనకు జాలి ఉంది కాబట్టే వాళ్లకు మంచిచోట స్థలాలివ్వమని కోరుతున్నానని చెప్పాడు.

తహసీన్ వంతు వచ్చింది. ఆమె పటం తెరవలేదు. వినయంగా ఒక సందేహం అడిగింది.

"నీళ్లు రాకుంటే మీ పత్తి ఎట్ల తడిసిందన్నా? పంచినారు కదా మాకు. వీధిలో ఏమో అనుకుంటాండారు, ఆ పత్తి వరదలో తడిసింది కాదు, ఎప్పుడో ముక్కిపోయిందని."

ఆయన తడబడి ఏదో అనబోయాడు. ఈలోగా వెనక నుంచి సంతోషమ్మ అందుకుంది. తహసీన్‌ను కడిగేయడానికి వచ్చిన మనిషి. కానీ పాత కోపానికి కొత్త కోపం కన్నా గొంతు పెద్దది. "ముక్కిందే. గోడౌన్లో పందికొక్కులు కూడా ముట్టందాన్ని మా మొకాన కొట్టి ఫొటో దిగినాడు. దాతంట దాత."

చుట్టూ నవ్వారు. శివశంకర్ చెవులు ఎర్రబడ్డాయి. నేల గురించి ఏమన్నా ఆయన ఓర్చుకునేవాడు. ఫ్లెక్సీ మీదున్న పుణ్యాన్ని పదిమందిలో పందికొక్కుల పాలు చేయడం ఓర్చుకోలేకపోయాడు. లేచి నిలబడ్డాడు.

"ఎవురమ్మా ముక్కిందనేది? అసలు సిసలు దూది అది. నీళ్లొచ్చి తడిసింది. మీ ఇండ్లల్లోకే వచ్చిందనుకుంటిరా? నా గేటు కాడ ఇంత నీళ్లు." అరచెయ్యి అడ్డంగా తెచ్చి చొక్కా జేబుకు ఆనించాడు. "ఇంత. నేను కండ్లారా సూసినా. నాకు నష్టం కాలేదా? అంత నష్టంలోనూ మీకు పంచినా."

చెయ్యి ఇంకా జేబు మీదే ఉంది. ఆ చేతిని అక్కడి నుంచి ఎప్పుడు తీయాలో ఆయనకు అర్థం కాలేదు.

గురుప్రసాద్ కళ్లజోడు సర్దుకుని, ఎప్పుడూ లేనంత మెల్లగా అన్నాడు. "జేబు ఎత్తు అని రాసుకుంటున్నానండీ."

అప్పుడు తహసీన్ పటం తెరిచింది. తెర మీద ఒక పక్క ఫ్లెక్సీ ఫొటో, తెల్ల చార. ఇంకో పక్క ఆఫీసు తలుపు దగ్గర నిలబడి నవ్వుతున్న శివశంకర్. తర్వాత పాత పల్లం, దాని మీదికి పాకిన నీలం. ఒక్కొక్కటీ తొందరపడకుండా చూపించింది. ఆయన మొఖం చూడడానికి మధ్యమధ్యలో ఆగింది కూడా. చివరికి ఈ గట్టు వెనక వరస చూపించి, ఇది మా షెడ్డు మేడమ్, ఇదీ మునుగుతుంది అని చెప్పింది. ఆ తర్వాత ఆ గీతను దొంగ గీత అనడానికి ఎవరికీ నోరు రాలేదు.

వెంచర్‌కు అనుమతి లేదు, కట్ట తీసేసి వంతెన కట్టాలి, తోలిన మట్టి తోలినవాడే తవ్వించాలి, వీధి కదలనక్కర్లేదు, వెనక వరసలో మాత్రం షెడ్లు తీసేయాలి, కొత్త కట్టడాలు కుదరవు అని కమిటీ తేల్చింది. శివశంకర్ కోర్టుకు పోయాడు. అక్కడా ఆయన జేబే ఆయనకు అడ్డం వచ్చింది.

జేసీబీ వెంచర్‌లోకి దిగిన రోజున తహసీన్ పని కట్టుకుని ఫ్లెక్సీ దగ్గర బస్సు దిగింది. శివశంకర్ రోడ్డు పక్కన ఒంటరిగా నిలబడి టిప్పర్లు నిండడం చూస్తున్నాడు. ఆమె దగ్గరికి పోయింది. ఈ మాట ఆమె చాలా కాలంగా దాచుకుంది.

"బాధపడగాకండన్నా. పల్లం నేల. ఈ పొద్దు కాకుంటే రేపు, ఎట్లన్నా పోయేదే కదా."

ఆయన తల ఊపాడు. "అంతేలే పాపా" అన్నాడు. పటం ఉద్యోగం కొద్దీ చూపించింది, ఇప్పుడు నిజంగానే ఓదార్చడానికి వచ్చిందనుకున్నాడు. ఆ మాట తనదని ఆయనకు గుర్తే లేదు.

పగ పట్టేవాళ్లకు ఇంతకన్నా చెడ్డ క్షణం ఉండదు. ఏళ్ల తరబడి నూరిన కత్తి దిగి, మనిషికి తెలియనే లేదు. ఇంకొకరైతే ఇక్కడ జ్ఞానోదయమై వెనక్కి తిరిగేవాళ్లేమో. తహసీన్ తిరగలేదు.

"ఆ మాట నాది కాదన్నా. మీదే. నేను పరుపుల మాబు సాబ్ కూతుర్ని. మా జేజి సచ్చినప్పుడు మా ఇంట్లో కుర్సీలో కూసోని సెప్పినారు. టీలో సక్కెర తక్కువైందని కూడా సెప్పినారు. నేనే తెచ్చేసినా."

ఆయన ఆమె మొఖంలోకి చూశాడు. ఆ తలుపు, ఆ ఫొటో, ఆ మీటింగు, ఒక్కొక్కటే ఆయన కళ్లల్లో కలుసుకోవడం ఆమె చూసింది. ఆమెకు కావలసింది అది. క్షమాపణ అడుగుతాడేమోనని భయపడి, అడగకముందే వచ్చిన బస్సు ఎక్కేసింది.

లాభనష్టాల సంగతి అడిగితే, ఆమె ఇల్లు ఇరుకైంది. ఏకుడు మిషను ముందు గదిలోకి వచ్చింది. అన్నంలో దూది, కూరలో దూది. వాజిద్ పెళ్లయింది, పైగది లేదు. కొత్త జంటకు, మిగతా వాళ్లకు మధ్య ఒక తెర. వదిన ఆ తెర పట్టుకుని తహసీన్ వైపు చూసే చూపులో వరద పటం మీద ఆమె అభిప్రాయం మొత్తం ఉంటుంది. సంతోషమ్మ చాలాకాలం పలకలేదు.

మళ్లీ కొండల మీద వాన కుమ్మరించిన సాయంత్రం వీధంతా సామాన్లు మంచాల మీదికెక్కించి కాచుకుంది. వంక ఉరుముతూ వచ్చింది. కట్ట లేదు. నీళ్లు వంతెన కింద నుంచి దూరి, ఆ గట్టున తవ్విన పల్లంలోకి పొర్లి పరుచుకున్నాయి. ఈ గట్టున ఖాళీ అయిన షెడ్డు నేలను నాకి, తహసీన్ గీసిన గీత దగ్గర ఆగాయి. గీతకు ఒక గడప వెడల్పు ఇవతలికి వచ్చాయి కూడా. ఆమె అది చూసి మొఖం ముడుచుకుంది, పటంలో సరిదిద్దాలి.

వాన వెలిశాక సంతోషమ్మ గోడ మీంచి కేక వేసింది. అన్నాళ్ల తర్వాత అదే మొదటి మాట.

"మ్మే తహసీనూ, రా ఈడికి. ఇను. ఆయప్ప ప్లాట్లల్లో కప్పలు అరుస్తాండాయి."

తహసీన్ అన్నం ప్లేటు చేత్తో పట్టుకునే పోయింది. ఇద్దరూ గోడకు ఆనుకుని నిలబడి విన్నారు. ప్లేట్లో అన్నం చల్లారిపోయింది. కప్పలు ఆపేదాకా ఆమె అక్కడి నుంచి కదల్లేదు.